పదిహేడో నంబరు సైకిలు

పళ్ళాయన ఇంటికి ఎవరొచ్చినా కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే సైకిలు పుట్టుపూర్వోత్తరాలు మొదలైపోయేవి. కరెంటు మీటరు చూసుకోవడానికి వచ్చినతనైనా సరే, పై అంతస్తు వాళ్ళనుకుని పొరపాటున తలుపు తట్టినవాళ్ళైనా సరే, ముందు హాల్లో గోడవైపు తిరిగి నిలబడాల్సిందే. ఆ గోడకి రెండు కొక్కేల మీద ఒక పాత కొండ సైకిలు వేలాడుతూ ఉండేది. ముదురు ఆకుపచ్చ రంగు, అక్కడక్కడ పెచ్చులూడి లోపలి ఇనుము కనబడుతూ ఉంటుంది. నిజానికది టీవీ ఉండాల్సిన చోటు. టీవీ రెండేళ్ళ కిందటే పడగ్గదిలోకి మకాం మార్చేసింది. సైకిలుకి తగిలించిన అట్టముక్క మీద ‘ముట్టుకోరాదు’ అని ఆయన స్వహస్తాలతో రాసిపెట్టారు. ఆ ఇంట్లో ఉండేది ఆయనా, ఆయన భార్యా. ముట్టుకోవద్దన్నది ఎవరినో వేరే చెప్పక్కర్లేదు.

పళ్ళాయన అంటే పళ్ళ డాక్టరు కాదు. డాక్టరు ముందు గదిలో ఉంటాడు, బోర్డు మీద అతని పేరుంటుంది. ఈయన వెనక గదిలో ఉంటారు, బోర్డు మీద ఉండరు. డాక్టరు పంపిన అచ్చులు చూసి కట్టుడుపళ్ళు తయారుచెయ్యడం ఈయన పని, ముప్ఫై ఏళ్ళుగా. ఆ పనిలో ఒక చిక్కుంది. పన్ను ఎంత బాగా కుదిరితే అది కట్టుడుపన్నని అంతగా ఎవరికీ తెలీదు. ఊళ్ళో సగం నవ్వులు ఈయన చేతుల మీదుగా వెళ్ళినవే అయినా ఆ నవ్వేవాళ్ళలో ఒక్కరికీ ఈయన పేరు తెలీదు. అందుకని ఎక్కడో ఒక పుస్తకంలో, నాలుగు కాలాలపాటు ఉండే పుస్తకంలో, తన పేరుతో ఒక్క వాక్యం ఉంటే చాలని ఆయనకి లోలోపల కోరిక. ఈ సంగతి భార్యకి కూడా చెప్పలేదు. ఆవిడే కనిపెట్టేసి, కనిపెట్టనట్టు ఊరుకుంది.

ఆ వాక్యానికి దారి సైకిలు రూపంలో దొరికింది. ముప్ఫై రెండేళ్ళ కిందట ముగ్గురు స్నేహితులు ఒక షెడ్డు అద్దెకి తీసుకుని, కొండ దారుల్లో తొక్కే సైకిళ్ళు చేత్తో చేశారట. మొత్తం నలభై ఒకటి చేశాక ముగ్గురికీ ఉద్యోగాలొచ్చి షెడ్డు మూతపడింది. గొట్టానికి గొట్టం ఎక్కడ అతికిందో వేలుపెట్టి తడిమినా తెలీదు, అంత నునుపు. డాక్టరుగారి ముందు గదిలో జనం తిరగేసి తిరగేసి నలిగిపోయిన పత్రికలో పళ్ళాయన ఈ సంగతి చదివారు. సైకిలు మీద ఆయనకి మోజేమీ లేదు, తొక్కడం నేర్చుకుని పట్టుమని పది రోజులైనా తొక్కకుండా మానేసిన మనిషి. అయినా అతుకు తెలియకుండా పనిచేసేవాళ్ళంటే ఆయనకి సహజంగానే గౌరవం.

చదివిన నెలలోపే అలాంటిదే కంటబడింది. ఆయన భార్యకి అన్నగారైన పరుపుల బావగారి కొట్టుకి దిండ్లు కొనడానికి ఇద్దరూ వెళ్ళారు. కొట్టు వెనక దూది బేళ్ళ సందులో ఏదో పాత దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది. పళ్ళాయన దుప్పటి ఎత్తి చూసి, అలాగే నేలమీద పడుకుని, పెడళ్ళ ఇరుసు కింద అంకె వెతికారు. పదిహేడు. ఇదెవరిది బావగారూ అని అడిగితే బావగారు నోరు తెరిచారు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా ఆయన కాలిమీద చెల్లెలి కాలు పడింది. ఎప్పుడో ఎవరో పెట్టి వెళ్ళారు, మళ్ళీ తీసుకెళ్ళలేదు, కావాలంటే మీరే పట్టుకెళ్ళండి అని మాత్రం అనగలిగారు. పళ్ళాయన అప్పుడు సైకిలు కింద తల దూర్చి కాక మామూలు మనుషుల్లా నిలబడి వాళ్ళిద్దరి మొహాలూ చూసి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

ఆ నలభై ఒక్క సైకిళ్ళకీ ఒక సంఘం ఉంది. సంఘానికో రిజిస్టరు ఉంది. సైకిలుకో పేజీ. ఎవరి దగ్గర ఉంది, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, దేనికి వాడారు, ఎందుకు వదులుకున్నారు అని నాలుగు గడులు. పుస్తకం పెద్దాయన అని సంఘంలో ఒకాయన, ఆయన స్వయంగా వచ్చి, సైకిలు ఎదుట కూర్చుని, సిరాతో రాస్తాడు. తెలియని మనిషి ఒక్కరున్నా ఆ సైకిలు చరిత్ర తెగినట్టే. తెగినవాటికి పుస్తకం చివర కొన్ని పేజీలున్నాయి. అక్కడ సైకిలు నంబరు మాత్రం వేస్తారు, యజమాని పేరు వెయ్యరు.

పళ్ళాయన రెండేళ్ళు శ్రమపడ్డారు. సైకిలు చేసిన ముగ్గురిలో ఒకాయన్ని పట్టుకుని ఉత్తరం రాయించుకున్నారు. మొదట కొన్న సర్వేయరుని వెతికి పట్టుకున్నారు. రెండేళ్ళు తొక్కి ఒక సైకిలు షాపులో ఇచ్చేశానని సర్వేయరు చెప్పాడు. షాపతను పోయాడు, షాపు పోయింది. అక్కడినుంచి బావగారి దూది బేళ్ళ దాకా సైకిలు ఎవరి దగ్గరుందో చెప్పే నాథుడు లేడు. బావగారిని మళ్ళీ మళ్ళీ అడిగితే ఆయన పరుపుల ధరలు చెప్పడం మొదలుపెట్టేవారు.

అప్పుడు పళ్ళాయనకి తన విద్య గుర్తొచ్చింది. పన్ను అరుగుదల చూసి ఆ మనిషి ఏ పక్క నములుతాడో, కోపం వస్తే పళ్ళు కొరుకుతాడో లేదో ఆయన ఇట్టే చెప్పగలరు. సైకిలు పళ్ళ చక్రానికి ఉన్నవీ పళ్ళేగా. వెనక గదిలో వాడే భూతద్దం ఇంటికి తెచ్చుకుని, ఆదివారాలు స్టూలు మీద నిలబడి, ఆ తెలియని మనిషిని పన్ను పన్నుకీ చదివారు. చదివిందంతా నోటు పుస్తకంలో రాసుకుని, వంటింటి గుమ్మంలో నిలబడి భార్యకి వినిపించేవారు.

మనిషి తొంభై కిలోలకి తగ్గడు, ఇరుసు అరుగుదల అలా చెబుతోంది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు, బరువంతా ఎడమవైపే పడింది. సీటు గొట్టం మీద గీత చూస్తే ఆజానుబాహువు. మీసం కూడా ఉందన్నారు. మీసం సంగతి ఏ పన్ను చెప్పిందో ఆవిడ అడగలేదు. కొండెక్కేటప్పుడు అందరూ వాడే చిన్న చక్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది, పెద్ద చక్రం మాత్రం అరిగిపోయింది. అంటే ఎంత ఎత్తు వచ్చినా తేలిక గేరుకి దిగని రకం.

“అంత మొండివాడంటారా?” అని అడిగింది ఆవిడ, చేతిలో పని ఆపకుండా.

“పరమ మొండి. ఎవరి మాటా వినే ఘటం కాదు. ఇలాంటివాడితో కాపురం చేసినవాళ్ళెవరో గాని, పాపం.”

“పాపమే,” అని ఆవిడ మనస్ఫూర్తిగా ఒప్పుకుంది.

ఇంకేం తెలిసింది అని ఆవిడే అడిగేది. ఆదివారం ఆయన బద్ధకించి పడుకుంటే, ఇవాళ మీ మీసాలాయన ఏం చేశాడు అని లేపేది. ఒంటరిగా వెళ్ళేవాడా, తోడు ఉండేదా? భయపడేవాడా? ఒకసారి ఆయన బాగా ఆలోచించి, బ్రేకుల అరుగుదల చూస్తే ఎక్కడా భయపడ్డట్టు లేదు గాని, ఒక మలుపులో మాత్రం రోజూ ఆగేవాడనిపిస్తోంది అన్నారు. ఆగి ఏం చేసేవాడు అంటే, ఊరుని చూసేవాడేమో అన్నారు. ఆవిడ గరిటె చేత్తో పట్టుకునే కిటికీ వైపు తిరిగింది. కూర మాడిందేమోనని ఆయనే వెళ్ళి చూడాల్సొచ్చింది.

పుస్తకం పెద్దాయన రానే వచ్చాడు. శనివారం పొద్దున్న పది గంటలకి, బిగుతుగా కట్టిన సంచీలో రిజిస్టరు, జేబులో రెండు కలాలు. పళ్ళాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందురోజే తుడిచిన సైకిల్ని మళ్ళీ తుడిచి, కుర్చీ దానికి ఎదురుగా వేశారు. పెద్దాయన సైకిలు నంబరు చూసి, గొట్టాల మీద వేలు రాసి, సంతోషంగా తలాడించాడు. సర్వేయరు ఉత్తరం చదివి పక్కన పెట్టాడు. ఆ తర్వాత ఎవరు, అని అడిగాడు.

పళ్ళాయన నోటు పుస్తకం తీశారు. తొంభై కిలోలు, ఎడమ కాలు, మొండితనం, మలుపు, అన్నీ చదివారు. పెద్దాయన ఎక్కడా అడ్డు తగలకుండా విన్నాడు. ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళు సంఘంలోనే లేరని మెచ్చుకున్నాడు కూడా. మెచ్చుకుని, కలం మూత పెట్టేశాడు.

“అరుగుదలతో మనిషిని రాయడానికి లేదండీ. ఎవరో తెలియాలి, వాళ్ళే చెప్పాలి. చివరి పేజీల్లో నంబరు వేసుకుంటాను, ఏమీ అనుకోకండి.”

ఏమీ అనుకోనన్నట్టు పళ్ళాయన చెయ్యి ఊపారు. నోటు పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశారు. ముప్ఫై ఏళ్ళు వెనక గదిలో కూర్చున్న మనిషి మళ్ళీ వెనక పేజీలకే వెళ్ళాడు. అది ఆయన ముఖంలో ఎంత స్పష్టంగా కనిపించిందంటే, పెద్దాయన మర్యాదకి కిటికీ వైపు చూశాడు.

వంటింటి గుమ్మంలో టీ కప్పులతో నిలబడ్డ ఆవిడకి కూడా కనిపించింది. ఈ ఆటని ఇంకా కొన్నాళ్ళు నడిపిద్దామనుకుంది ఆవిడ. ఆ ముఖం చూశాక ఇక మనసొప్పలేదు.

“రాసుకోండి. నేనే,” అంది.

“ఏం నువ్వే?” అన్నారు పళ్ళాయన.

ఆవిడ కప్పులు బల్లమీద పెట్టి గోడ దగ్గరికి వెళ్ళింది. ఆ సైకిల్ని దింపడానికి ఆయనకి స్టూలూ, పావుగంటా కావాలి. ఆవిడ పై గొట్టం కింద భుజం పెట్టి, కొంచెం వంగి, ఒక్క ఎత్తున దింపేసింది. ‘ముట్టుకోరాదు’ తీసి సోఫాలో పడేసింది. సీటు కింద ఒక చిన్న మీట ఉంది. లోపలి పాత గ్రీజు చెదిరిపోతుందని పళ్ళాయన రెండేళ్ళలో దాన్ని ఒక్కసారి కూడా తిప్పలేదు. ఆవిడ తిప్పింది. సీటు గొట్టంతో సహా ఊడి చేతిలోకొచ్చింది. సైకిల్ని తలకిందులు చేసి రెండుసార్లు కుదిపితే, నీళ్ళ పరీక్షకి వాడే చిన్న ప్లాస్టిక్ గొట్టం ఒకటి గచ్చుమీద పడి దొర్లింది. అందులో చుట్టపెట్టిన కాగితం.

కాగితం పళ్ళాయనే విప్పారు. పుట్టింటి చిరునామా ఉంది. కింద, ఇరవై ఏడేళ్ళుగా సామాన్ల చీటీల మీద రోజూ చూస్తున్న ఆ గుండ్రటి అక్షరాలతో, ‘ఈ సైకిలు పడి కనిపిస్తే నేనూ దగ్గర్లోనే ఉంటాను. దయచేసి వెతకండి’ అని ఉంది.

ఆయన ఆ రెండు ముక్కలూ చదివి తల ఎత్తలేదు. ఆవిడే పెద్దాయనకి చెప్పుకొచ్చింది. నీళ్ళ పరీక్షల ల్యాబులో ఉద్యోగంలో చేరిన కొత్తలో, కొండమీద ఉన్న ఐదు ట్యాంకుల నుంచీ రోజూ నీళ్ళు పట్టుకు రావడం ఆవిడ పని. జీపు వారానికి నాలుగు రోజులు చెడిపోయి ఉండేది. మొదటి జీతంతో షాపులో ఈ సైకిలు కొనుక్కుంది. ఎడమవైపు పెట్టె, పెట్టెలో ఇరవై నాలుగు సీసాలు. అప్పుడు తను యాభై రెండు కిలోలనీ, తొంభైలో మిగతాది నీళ్ళూ పెట్టే అనీ చెప్పింది. కాళ్ళు రెండూ బాగానే ఉండేవట. ఇక పొడుగు సంగతి. ఆవిడ ఆయనకంటే రెండు వేళ్ళు పొడుగు. అది అందరికీ కనిపించేదే గాని, పళ్ళాయన పెళ్ళి ఫొటోలప్పుడే దాన్ని మర్చిపోవడానికి నిశ్చయించుకున్నారు. చిన్న గేరు ఎందుకు వాడలేదని పెద్దాయన అడిగితే, దానికి జవాబు మా ఆయన పుస్తకంలో ఉంది అంది. భార్య ల్యాబులో పనిచేస్తుందని పళ్ళాయనకి తెలుసు. కొండమీది నీళ్ళు ల్యాబులోకి ఎలా వస్తాయని మాత్రం ఆయన ఎప్పుడూ అడగలేదు.

పెద్దాయన కలం మూత తీశాడు. పేరు రాశాడు, సంవత్సరం రాశాడు, మూడో గడిలో ఐదు ట్యాంకుల సంగతి రాశాడు. నాలుగో గడి దగ్గర ఆగాడు.

“ఎందుకు వదులుకున్నారమ్మా?”

“వదులుకోలేదండీ. పెళ్ళయ్యాక మూడో అంతస్తులో గదిన్నర ఇంట్లో దిగాం. దుప్పటి చుట్టి మెట్లదాకా మోసుకొచ్చాను. పెట్టడానికి చోటు లేదన్నారు. సరే ఓ వారం అని అన్నయ్య కొట్లో పెట్టాను.”

ఎవరన్నారని పెద్దాయన అడగలేదు. పళ్ళాయనకి మెట్లు గుర్తొచ్చాయి. పళ్ళు కాల్చే చిన్న బట్టీ, సానపట్టే యంత్రం ఎక్కడ పెట్టాలా అని ఆయన గది కొలుస్తున్నారు. కింద మలుపులో కొత్త భార్య ఏదో పువ్వుల దుప్పటి మూట భుజానేసుకుని, చెమటలు కక్కుతూ, నవ్వుతూ నిలబడింది. అదేమిటని కూడా ఆయన అడగలేదు. చోటు లేదు, మీ అన్నయ్య దగ్గర పడెయ్యరాదూ అన్నారు. అంతే, మళ్ళీ కొలవడంలో పడ్డారు.

“నేనే అన్నాను,” అన్నారు. ఆవిడ వైపు తిరిగి, “రెండేళ్ళుగా నీ ముందే వాగుతున్నానే. ఒక్క మాట చెప్పకూడదూ?” అన్నారు. కోపంగా అందామనుకున్నారు గాని, అలా రాలేదు.

ఆవిడ సీటు గొట్టాన్ని చీర చెంగుతో తుడుస్తోంది. “మొదట ఏడిపిద్దామనే ఊరుకున్నానండీ. తర్వాత చెప్పబుద్ధి కాలేదు. ఇరవై ఏడేళ్ళలో మీరు నా గురించి అంత ఆలోచించడం నేనెప్పుడూ చూడలేదు. భయపడేదా, ఎక్కడ ఆగేది, ఆగి ఏం చూసేది అని ప్రతి ఆదివారం ఆలోచించారు. మీసం పెడితే పెట్టారు. చెప్పేస్తే ఆపేస్తారని చెప్పలేదు.”

నిజంగానే ఆ మలుపులో ఆగేదానివా అని పళ్ళాయనకి అడగాలనుంది గాని, పరాయి మనిషి ముందు మొహమాటం అడ్డొచ్చింది. ఆవిడకి అర్థమైనట్టుంది, తలూపింది.

పెద్దాయన గొంతు సవరించుకుని, ఇక చివరి వరస, ప్రస్తుత యజమాని, మీ పేరు చెప్పండి అన్నాడు. రెండేళ్ళుగా దీనికోసమే ఎదురుచూశారు పళ్ళాయన. పేరు ఎలా రాయించాలో, పొట్టిగానా పూర్తిగానా అని అద్దం ముందు అనుకుని చూసుకున్నారు కూడా. కలం కాగితం మీద ఆని ఉంది.

“నా పేరు వద్దండీ. ఆవిడ వదులుకోలేదంటోందిగా. దాచుకుంది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆవిడదే. మధ్యలో గీత గియ్యకండి.”

“అలా అయితే యజమానుల గడిలో మీ పేరు రాదు మరి.”

“రాదు,” అన్నారు పళ్ళాయన. అనడం అన్నారు గాని, టీ కప్పు అందుకోబోయిన చెయ్యి రిజిస్టరు అంచు మీదే ఆగిపోయింది. ఆవిడ ఆ చేతినే చూస్తూ ఉంది.

పెద్దాయన రాశాడు. అయితే నాలుగో గడి ఖాళీగా వదిలేస్తానన్నాడు, వదులుకోని సైకిలుకి కారణం ఉండదు కనుక.

“ఖాళీ వద్దండీ,” అంది ఆవిడ. “ఇరవై ఏడేళ్ళు తొక్కకపోవడానికి కారణం ఉండాలిగా. ఇంట్లో చోటు లేదని భర్త చెప్పినందువల్ల అని రాయండి. భర్త అని ఊరికే రాయకండి, ఆయన పేరు రాయండి. ఇంటిపేరుతో సహా, పూర్తిగా.”

పెద్దాయన పళ్ళాయన వైపు చూశాడు. పళ్ళాయన భార్యవైపు చూశారు. ఆవిడ పంటి బిగువున నవ్వు ఆపుకుంటోంది, కళ్ళలో మాత్రం నీళ్ళు తిరుగుతున్నాయి. ఆయన తన పేరు అక్షరం అక్షరం చెప్పారు. పెద్దాయన కలం మార్చి, గుండ్రంగా, నింపాదిగా రాసి, సిరా ఆరేదాకా ఊది, పుస్తకం ఆయన ముందుకి తిప్పాడు.

పళ్ళాయన జేబులోంచి భూతద్దం తీసి ఆ వాక్యాన్ని మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివారు. తప్పులేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, తర్వాత దిద్దడానికి ఉండదు అన్నాడు పెద్దాయన.

ఒక్కటీ లేదన్నారు పళ్ళాయన.